బర్మింగ్‌హామ్‌లో ఎనామెల్ కలాల కొలిమి దగ్గర

బర్మింగ్‌హామ్‌లోని స్నో హిల్ నుంచి రైల్లో ఒక్క స్టేషన్ దాటితే నగల పనివాళ్ల పేట జ్యువెలరీ క్వార్టర్. దిగి కాస్త నడిస్తే పెన్ మ్యూజియం వస్తుంది. 19వ శతాబ్దంలో ప్రపంచం వాడిన ఉక్కు పాళీల్లో సింహభాగం ఈ ఊళ్లోనే తయారయ్యాయి. మ్యూజియం కూడా ఒకప్పటి పాళీల ఫ్యాక్టరీలోనే ఉంది. చూడదగ్గదే. కానీ నేను వెళ్లింది పాళీల కోసం కాదు, వెండి కలం మీద ఎనామెల్, అంటే కాల్చి అతికించే రంగు గాజు పొర, ఎలా నిలుస్తుందో చూడడానికి. అందుకే ఎర్ర ఇటుకల సందుల్లోని ఒక వర్క్‌షాపులోనే ఎక్కువసేపు ఉన్నాను.

పని రంగుతో మొదలవదు. అతుకులేని వెండి గొట్టం తీసుకుంటారు. అతుకు ఉంటే కొలిమి వేడికి టంకం కదిలే ప్రమాదం ఉంది. రోజ్ ఇంజిన్ అనే చేతి యంత్రం మీద సన్నటి అలల గీతలు చెక్కుతారు. దీన్నే గిల్లోష్ అంటారు. గీత లోతైన చోట గాజు మందంగా చేరి రంగు ముదురుతుంది. ఒక్క గీత తప్పినా పారదర్శకమైన ఎనామెల్ దాన్ని దాచదు సరికదా, ఎత్తి చూపిస్తుంది.

ఈ గొట్టం 925 వెండి, అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి; మిగతా భాగం ఎక్కువగా రాగి. వేడికి అది నల్లబడి రంగును మురికిగా చేస్తుంది. అందుకే గొట్టాన్ని చాలాసార్లు కాల్చి, పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, పైన స్వచ్ఛమైన వెండి పొర తేలేదాకా శుభ్రం చేస్తారు. ఈ ఓపిక లేని చోట మంచి నీలం రాదు.

ఎనామెల్ గడ్డను అగేట్ అనే గట్టి రాతి కల్వంలో నీళ్లతో నూరి, పైకి తేలే పాలనీళ్లను పారబోస్తూ, తేటనీరు వచ్చేదాకా కడుగుతారు. ఆ సన్నటి దుమ్ము మిగిలితే గాజు మబ్బుగా వస్తుంది. తడిపొడిని కుంచెతో పలుచగా పరిచి పూర్తిగా ఆరబెట్టాలి. చెమ్మ ఉంటే ఆవిరి పొరను పేల్చేస్తుంది. 750 డిగ్రీల అటూఇటూ వేడిలో ఒకటి రెండు నిమిషాలే కాలుస్తారు. ఈ వెండి 800 డిగ్రీల దాపుల్లోనే కరగడం మొదలవుతుంది కాబట్టి పొరపాటుకు చోటు తక్కువ. గొట్టాన్ని లోపలి నుంచే పట్టి ఉంచాలి, మధ్యమధ్య తిప్పాలి. లేకుంటే కరిగిన గాజు కిందికి జారుతుంది. ఇలా నాలుగైదు పొరలు. ఎరుపు మరీ పెంకిది: నేరుగా వెండి మీద వేస్తే గోధుమరంగుకు తిరుగుతుంది, కింద రంగులేని ఎనామెల్ పొర ఉండాల్సిందే.

తర్వాత నీటి కింద సానరాయితో సమం చేసి, గాజు నారల బ్రష్‌తో కడిగి, మెరుపు కోసం ఇంకోసారి కాలుస్తారు.

బ్రిటన్‌లో 7.78 గ్రాములు దాటిన వెండి వస్తువును వెండిగా అమ్మాలంటే హాల్‌మార్క్ తప్పదు. స్వచ్ఛత పరీక్షించి ఆ ముద్ర వేసే ఇక్కడి అస్సే ఆఫీసు 1773 నాటిది, దాని గుర్తు లంగరు. సుత్తిపోటుతో వేసే ముద్రను ఎనామెల్‌కు ముందే వేయించాలి. తర్వాతైతే గాజు చిట్లుతుంది. క్లిప్ గాడి కూడా ముందే కోస్తారు. మర ఉన్న లోపలి గొట్టాన్ని చివర్లో జిగురుతో అమరుస్తారు, బిగించి తోయరు.

కొనేవాళ్లు క్యాప్ అంచునూ క్లిప్ మొదలునూ భూతద్దంతో చూడాలి. పెచ్చు లేవడం అక్కడే మొదలవుతుంది.