తపస్సు కాలంలో రెండు గుడ్లు

ఈస్టర్‌కు ముందు మా కతోలికులు పాటించే ఉపవాస దినాలే తపస్సు కాలం. అది మొదలయ్యే విభూది బుధవారం 2025లో మార్చి 5న వచ్చింది. అంతకు ముందు వారమే నాకు ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. ఎంతకీ తగ్గని దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, రాత్రిళ్ళు దుప్పటి తడిసేంత చెమట. ఊళ్ళో ఆరెంపీ గారు మందులు మార్చి మార్చి ఇచ్చారు. చివరికి ఆశా వర్కర్ పట్టుబట్టి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి కళ్ళె పరీక్ష చేయిస్తే గానీ సంగతి బయటపడలేదు.

ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన బిళ్ళలు, ఆ తర్వాత మూడు మందులవి. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అదో టెన్షన్. బిళ్ళలు వేసుకున్నాక కడుపులో ఒకటే తిప్పడం. అయినా రోజూ రెండు గుడ్లు తినాల్సిందే అన్నారు డాక్టర్ గారు.

మా ఇంట్లో తపస్సు కాలం మొత్తం నీచు పొయ్యెక్కదు. నిజానికి శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, మాంసం వద్దన్నది విభూది బుధవారం, శుక్రవారాల్లోనే. గుడ్లకు అసలు నిషేధమే లేదు. జబ్బు పడినవాళ్ళకు ఉపవాసం నుంచి మినహాయింపు కూడా ఉంది. కానీ మా అత్తయ్య లెక్క శ్రీసభ లెక్క కంటే పెద్దది. అలాంటి మనిషి నా కోసం చిన్న గిన్నె విడిగా పెట్టి, పొద్దున్నే గుడ్లు ఉడకేసి, పెంకు తీసి, మిరియాల పొడి చల్లి తెచ్చేది. నేను నసుగుతుంటే, "దేవుడు గుడ్లు లెక్కపెడుతూ కూర్చోడులే అమ్మాయ్, తిను" అనేది.

పక్కింటి పిన్ని అలా అనుకోలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఏదో దాచుకున్న పాపం ఉండే ఉంటుంది. ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకో, జబ్బు అదే పోతుంది" అని చెప్పి వెళ్ళింది. ఆ రాత్రంతా చిన్నప్పటి నుంచి చేసినవన్నీ తవ్వుకుంటూ పడుకున్నాను. జపమాల చేతిలో ఉంది, ప్రార్థన మాత్రం నోట్లోకి రాలేదు.

ఆ శుక్రవారం ఫాదర్ గారు దివ్య సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకుని ఇంటికొచ్చారు. సంచీలోంచి నూనె సీసా తీయగానే అత్తయ్య ఘొల్లుమంది. మామయ్యకు ఆ నూనె రాసిన మర్నాడే పోయారు మరి! అభ్యంగనం, అంటే ప్రార్థన చేసి ఈ నూనె రాయడం, చనిపోయేవాళ్ళకే కాదమ్మా, పెద్ద జబ్బు చేసిన ఎవరికైనా ఇస్తారని ఫాదర్ గారు నచ్చజెప్పి, నా నుదుటి మీద, రెండు అరచేతుల మీద సిలువ గుర్తు వేశారు. పాపాల నుంచి విడిపించే ప్రభువు నిన్ను లేపాలి అనే ప్రార్థన అది. అంటే నా జబ్బు పాపం వల్లేనా అని అడిగేశాను.

ఆయన రెండు సంగతులు చెప్పారు. పుట్టుగుడ్డి మనిషి విషయంలో అతనిదీ, తల్లిదండ్రులదీ పాపం కాదని ప్రభువే అన్నారట, యోహాను సువార్త 9వ అధ్యాయంలో. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాతం మనిషి నోరు తెరిచి ఏమీ అడగలేదట. కప్పు విప్పి దించినవాళ్ళ విశ్వాసం చూసి ప్రభువు ముందు క్షమించారు, లేచి నడవమన్నది ఆ తర్వాత. "నీకు ప్రార్థన రాకపోతే మీ అత్తయ్యది సరిపోతుందిలే" అని నవ్వారు. పిన్ని మాటకు చెదిరిన నిద్ర ఆ మధ్యాహ్నం పట్టింది.

ఏప్రిల్ 20న ఈస్టర్. మాస్కు పెట్టుకుని గుడి వరండాలో కూర్చుని పూజ చూశాను. మే నెలలో కళ్ళె పరీక్ష నెగెటివ్ వచ్చింది, వానాకాలంలో కోర్సు పూర్తయింది. పోయిన బరువు చాలావరకు తిరిగొచ్చింది.

పిన్ని క్షమాపణ అడగలేదు, అడుగుతుందనీ అనుకోను. ఎదురుపడితే పలకరిస్తాను. మొన్న చింతకాయ పచ్చడి పంపితే తీసుకున్నాను, బాగుంది కూడా. కోపం పూర్తిగా పోయిందా అంటే, ఇంకా కొంచెం ఉంది. మిగతాది వచ్చే తపస్సు కాలానికి.