బరువు తగ్గించే ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ క్లెయిమ్: నా అనుభవం

బేరియాట్రిక్ సర్జరీకి ఇన్సూరెన్స్ డబ్బు వస్తుందా రాదా అన్నది ఆస్పత్రిలో చేరిన రోజు తేలే విషయం కాదు. అంతకు చాలా నెలల ముందే, మన చేతిలో ఉన్న కాగితాల దగ్గరే తేలిపోతుంది. హైదరాబాద్‌లో స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ (కడుపులో చాలా భాగం తీసేసి చిన్నది చేసే ఆపరేషన్) కోసం ఈ దారంతా నడిచాక నాకు బాగా అర్థమైంది ఇదే: సర్జన్ చూసేది మన ఒంటిని, ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టర్ చూసేది పాలసీలోని ఒక నిబంధనని. ఆ నిబంధనలో ఉన్న ఒక్కో మాటకీ మన ఫైలులో ఒక కాగితం జవాబు చెప్పాలి.

ఆ నిబంధన ఏమిటో ముందు చూడాలి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల్లో మినహాయింపులు ఏ భాషలో ఉండాలో 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసింది. మన పాలసీ పుస్తకంలో 'ఒబేసిటీ / వెయిట్ కంట్రోల్' అన్న శీర్షిక పక్కన 06 అనే కోడ్ ఉంటుంది, అదే వెతకాలి. దాని ప్రకారం ఆపరేషన్ డాక్టర్ సలహా మీద జరగాలి, వైద్య ప్రమాణాలకు లోబడి ఉండాలి, వయసు 18 నిండాలి. ఇవి ఎవరికైనా కుదురుతాయి. అసలు చిక్కు నాలుగో షరతులో ఉంది. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంత ఎక్కువుందో చూపే అంకె, 40 లేదా అంతకుమించి ఉండాలి. లేదంటే 35 లేదా ఆ పైన ఉండి, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తీవ్రంగా ఉండాలి: ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, కరోనరీ గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఏప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులో లేని టైప్ 2 షుగర్. అదీ ఆపరేషన్ కాని పద్ధతులతో బరువు తగ్గే ప్రయత్నం చేసి, అవి ఫలించకపోతేనే.

చాలామందికి ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. భారతీయుల్లో తక్కువ బరువుకే పొట్టలో కొవ్వు చేరి షుగర్ మొదలవుతుంది కాబట్టి, వైద్యుల ప్రమాణాలు మనకి తక్కువ అంకెనే పెట్టాయి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాల సమాఖ్య ఐఎఫ్‌ఎస్‌ఓ, అమెరికా సర్జన్ల సంఘం ఏఎస్‌ఎంబీఎస్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలైతే ఆసియా వాసులకు 27.5 నుంచే ఈ ఆపరేషన్ ఇవ్వవచ్చన్నాయి. అందుకే బీఎంఐ 33 ఉండి షుగర్ ఉన్న మనిషికి సర్జన్ 'మీకు ఆపరేషన్ అవసరం' అంటాడు, ఆ మాట నూటికి నూరు పాళ్లూ నిజం. పాలసీ మాత్రం 35 దగ్గరే గేటు వేసి ఉంటుంది. వైద్యం ముందుకి వెళ్లింది, నిబంధన వెనకే ఆగిపోయింది. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అయినా క్లెయిమ్ నడిచేది నిబంధన మీదే.

బీపీ, మోకాళ్ల నొప్పులు, పీసీఓడీ, ఫ్యాటీ లివర్, థైరాయిడ్ ఆ నాలుగింటి జాబితాలో లేవు. బీఎంఐ 37 ఉండి మోకాళ్లు అరిగి మెట్లెక్కలేని వాళ్లు కూడా ఈ పాలసీ భాషలో అర్హులు కారు. అలాంటి వాళ్లు నిరాశపడేముందు స్లీప్ స్టడీ చేయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఆ బరువు దగ్గర నిద్రలో ఊపిరి ఆగే జబ్బు చాలామందికి ఉంటుంది, గురక అనుకుని వదిలేస్తారు. రిపోర్టులో చూడాల్సిన అంకె ఏహెచ్‌ఐ, అంటే గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోంది లేదా తగ్గుతోంది అని. 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆ పైన తీవ్రం. పాలసీ అడిగేది ఆ చివరిదే. క్లెయిమ్ మాట పక్కన పెట్టినా ఈ పరీక్ష ప్రాణానికి మంచిది. తీవ్రంగా ఉందని తేలితే మత్తు ఇచ్చే డాక్టర్‌కి ముందే తెలుస్తుంది, ఆపరేషన్‌కి ముందే సీపాప్ మెషిన్ (నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపేది) వాడిస్తారు.

షుగర్ ఉన్నవాళ్లు 'అదుపులో లేని' అన్న మాటని కాగితం మీద చూపించాలి. ఒక్క హెచ్‌బీఏ1సీ రిపోర్టు పెడితే, మందులు సరిగ్గా వేసుకోలేదేమో అన్న ప్రశ్న వస్తుంది. ఆ పరీక్ష రక్తంలో షుగర్‌కి సుమారు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి, మూడు నెలల ఎడంతో రెండు రిపోర్టులు, మధ్యలో ఎండోక్రైనాలజిస్ట్ (షుగర్, హార్మోన్ల డాక్టర్) మందు మోతాదు పెంచిన ప్రిస్క్రిప్షన్లు, మందులు కొన్న బిల్లులు ఉంటే ఆ ప్రశ్నకి చోటుండదు. మందు పెరిగినా షుగర్ దిగలేదని ఆ కాగితాలే చెబుతాయి.

ఇక ఎత్తు గురించి. బీఎంఐ అంటే కిలోల బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడం. 160 సెంటీమీటర్ల ఎత్తు, 102 కిలోల బరువు ఉంటే 39.8 వస్తుంది. అదే మనిషి ఎత్తు 158 అయితే 40.9. రెండు సెంటీమీటర్ల తేడాతో మనిషి గేటు ఇవతలి నుంచి అవతలికి పోతాడు. ఓపీలో నర్సు 'మీ ఎత్తెంత?' అని అడిగి మనం చెప్పింది రాసేసుకోవడం మామూలే. ఆధారంగా పనికొచ్చేది కొలిచిన ఎత్తు: చెప్పులు తీసి, మడమలు గోడకి ఆనించి, ఎత్తు కొలిచే స్టాండ్ మీద. అన్ని కాగితాల్లోనూ అదే ఉండాలి. డైటీషియన్ షీట్‌లో 162, సర్జన్ లెటర్‌లో 159 ఉంటే కంపెనీ నుంచి క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) ఖాయం, పైగా తనకి అనుకూలమైన అంకెనే కంపెనీ లెక్కేసుకుంటుంది. పాలసీ కొన్నప్పుడు ప్రపోజల్ ఫారంలో రాసిన ఎత్తు, బరువు కూడా వాళ్ల దగ్గర ఉంటాయని గుర్తుంచుకోవాలి.

దీనికే ముడిపడిన ఇంకో చిక్కు ఆపరేషన్ ముందు డైట్. కాలేయం కుంచించుకుని పొట్టపై భాగం తేలిగ్గా అందాలని సర్జన్లు పది రోజుల నుంచి రెండు వారాల పాటు రోజుకి 800 నుంచి 1000 కేలరీల ఆహారం, ఎక్కువగా ప్రొటీన్ షేకులు, మజ్జిగ, సూప్‌ల మీద ఉంచుతారు. 160 ఎత్తుతో 103 కిలోలున్న మనిషి బీఎంఐ 40.2. డైట్‌లో నాలుగు కిలోలు తగ్గితే అడ్మిషన్ రోజు 38.7. కేస్ షీట్‌లో ఆ ఒక్క అంకే ఉంటే అర్హత లేదన్న జవాబు వస్తుంది. అందుకే డైట్ మొదలుపెట్టే రోజే బరువు, ఎత్తు, బీఎంఐ తేదీతో సహా రాయించి సంతకం, ముద్ర తీసుకోవాలి. సర్జన్ లెటర్‌లో 'ఆపరేషన్ నిర్ణయించిన నాటి బీఎంఐ ఇంత, మా సూచన మేరకు డైట్ తర్వాత ఇంత' అని రెండూ విడివిడిగా రాయమని నేను అడిగాను. ఆ ఒక్క వాక్యం చేసే మేలు చాలా పెద్దది. డైట్ మానేసి బరువు కాపాడుకోవాలని మాత్రం ఎవరూ అనుకోకండి, పెద్దదైన కాలేయంతో లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) ప్రమాదకరం.

'ఇతర పద్ధతులు ఫలించలేదు' అన్నదానికి ఎన్ని నెలలో ఈ ప్రామాణిక నిబంధనలో రాసి లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది వేరేలా ఉంటుంది, అక్కడ చాలా ప్లాన్లు డాక్టర్ పర్యవేక్షణలో మూడు నుంచి ఆరు నెలల డైట్ రికార్డు అడుగుతాయి, ఒక నెల విజిట్ తప్పితే మళ్లీ మొదటి నుంచీ చేయమన్న సందర్భాలూ ఉంటాయి. ఇక్కడ అంకె లేకపోయినా అదే పద్ధతి పాటించడం క్షేమం. నెలకోసారి డైటీషియన్ దగ్గర బరువు నమోదు, ఇచ్చిన డైట్ చార్ట్, ఫిజీషియన్ రాసిన వ్యాయామ సూచన, వాడిన మందులు. 2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన మార్కెట్‌లోకి వచ్చాయి, వాటిని వాడి ఆపినవాళ్లు ఆ ప్రిస్క్రిప్షన్లు, ఆపడానికి కారణం కూడా ఫైలులో పెట్టాలి. జిమ్ రసీదులు పెద్దగా పనికిరావు, డాక్టర్ సంతకం లేని కాగితానికి విలువ తక్కువ.

వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కి ఆగాల్సిన కాలం, దాని సంగతి తొందరగా చెప్పేస్తాను. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు, 2024 ఏప్రిల్ ముందు అది 48. కొన్ని పాలసీలు బేరియాట్రిక్‌కి విడిగా రెండు, మూడేళ్లు పెడతాయి, కొన్ని సబ్ లిమిట్ (ఆ ఆపరేషన్‌కి ఇంతకు మించి ఇవ్వమన్న పరిమితి) కూడా పెడతాయి. సమ్ ఇన్సూర్డ్ (పాలసీ మొత్తం) పెంచితే పెరిగిన మొత్తానికి వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది. ఆఫీసు గ్రూప్ పాలసీలో వెయిటింగ్ లేకపోవచ్చు కానీ బేరియాట్రిక్‌నే తీసేసి ఉండొచ్చు, కాబట్టి హెచ్‌ఆర్ దగ్గర కార్డు కాదు, పూర్తి పాలసీ వర్డింగ్ అడిగి తీసుకోవాలి.

ప్రీ-ఆథ్ ఫారం, అంటే ఆపరేషన్‌కి ముందే కంపెనీ అనుమతి కోసం ఆస్పత్రి పంపే ఫారం, దాని మీద మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి. డాక్టర్ నింపే భాగంలో షుగర్, బీపీ, గుండె జబ్బు, కీళ్ల జబ్బు వంటి వాటి పక్కన 'ఎప్పటి నుంచి' అని నెల, సంవత్సరం గడి ఉంటుంది. దాన్ని తరచూ డ్యూటీ డాక్టర్ మనల్ని అడిగి నింపుతాడు. 'చాలా ఏళ్లుగా ఉందండీ, పదేళ్లుంటుందేమో' అని మనం మాటవరసకి అంటే అక్కడ పదేళ్లు అని పడిపోతుంది. పాలసీ ఆరేళ్ల క్రితం తీసుకుని, షుగర్ నాలుగేళ్ల క్రితం బయటపడినా, ఆ గడి చూసి 'జబ్బు దాచారు' అనే ప్రశ్న పుడుతుంది. మొదటిసారి షుగర్ తేలిన రిపోర్టు తేదీ తెలుసుకుని, అదే చెప్పి, అదే రాశారో లేదో ఫారం పంపేముందు చదవండి. నిజంగా పాలసీకి ముందే ఉంటే దాచకూడదు. పాలసీ అయిదేళ్లు తెగకుండా నడిస్తే, మోసం నిరూపిస్తే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2024 నిబంధన చెబుతోంది. అంతకుముందు ఇది ఎనిమిదేళ్లు.

ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కి నేను ఇచ్చిన సెట్‌లో పైన సర్జన్ లెటర్ ఉంది. అందులో నిబంధన వరసలోనే ఒక్కో షరతుకి ఒక్కో వాక్యం, ఏ రిపోర్టు ఏ పేజీలో ఉందో. ఆ కింద ఎండోక్రైనాలజిస్ట్ లెటర్, ఎండోస్కోపీ, పొట్ట అల్ట్రాసౌండ్, 2డీ ఎకో (గుండె స్కాన్), పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పరీక్ష), థైరాయిడ్, బీ12, డీ విటమిన్, ఐరన్ పరీక్షలు, సైకియాట్రిస్ట్ నోట్, డైటీషియన్ రికార్డు. డయాగ్నసిస్ దగ్గర 'వెయిట్ లాస్' అని రాయనివ్వకండి. 'మార్బిడ్ ఒబేసిటీ', దానికి తోడున్న జబ్బు పేరు ఉండాలి. లేదంటే ఫైలుని కాస్మెటిక్ కింద తోసేసే ప్రమాదం ఉంది.

ఈ పరీక్షల ఖర్చు తిరిగి రావాలంటే అవి ప్రీ-హాస్పిటలైజేషన్ గడువులో జరగాలి, పాలసీని బట్టి అడ్మిషన్‌కి ముందు 30 లేదా 60 రోజులు. పాతవి ఆధారంగా పనికొస్తాయి కానీ వాటి డబ్బు రాదు. స్లీప్ స్టడీ, ఎండోస్కోపీ ఖరీదైనవి కాబట్టి వాటి తేదీలు చూసుకుని పెట్టించుకోవడం మేలు.

గది విషయంలో జాగ్రత్త. పాలసీలో రోజుకి 5,000 పరిమితి ఉండి 8,000 గది తీసుకుంటే కోత గది అద్దెతో ఆగదు. సర్జన్ ఫీజు, ఓటీ (ఆపరేషన్ థియేటర్) చార్జీల వంటివి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఆ రెండూ కలిపి రెండు లక్షలైతే కంపెనీ ఇచ్చేది లక్షా పాతిక వేలు. మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించకూడదు. బేరియాట్రిక్ బిల్లులో స్టేప్లర్ (కడుపుని కోసి కుట్టే పరికరం), దాని కార్ట్రిడ్జ్‌లు పెద్ద మొత్తం. ఎన్ని వాడారో ఓటీ నోట్స్‌లో ఉండాలి, స్టిక్కర్లు, ఇన్వాయిస్ బిల్లుకి జత కావాలి. ఎస్టిమేట్‌లో నాలుగు రాసి బిల్లులో ఆరు వస్తే కారణం అడుగుతారు.

2024 మే నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలో, డిశ్చార్జ్ మీద మూడు గంటల్లో నిర్ణయం చెప్పాలి. ఆ గంటలో క్వెరీ వేయడమూ మామూలే, అందుకే ప్లాన్ చేసిన ఆపరేషన్‌కి నాలుగైదు రోజుల ముందే పంపించడం మంచిది. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రి అయితే కనీసం 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి. క్యాష్‌లెస్ ఇవ్వలేదంటే క్లెయిమ్ పోయినట్టు కాదు, రీయింబర్స్‌మెంట్‌కి దారి తెరిచే ఉంటుంది.

తిరస్కరణ వస్తే ఏ నిబంధన కింద కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి, అది చెప్పడం వాళ్ల బాధ్యత. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, అక్కడా కాకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు. కంపెనీ నెలలోగా జవాబివ్వకపోయినా, ఇచ్చింది మనకి సమ్మతం కాకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్లకి కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకూ వింటారు. అక్కడ కూడా మాట్లాడేది అదే ఫైలు.

డిశ్చార్జ్ అయ్యాక ఫైలు మూసేయకండి. స్లీవ్‌లో తీసేసిన కడుపు ముక్క బయాప్సీకి వెళ్తుంది, ఆ రిపోర్టు కొన్ని రోజుల తర్వాత వస్తుంది, దాన్ని క్లెయిమ్‌కి జత చేయాలి. పోస్ట్-హాస్పిటలైజేషన్ కింద 60 లేదా 90 రోజుల మందులు, పరీక్షలు, ఫాలో-అప్ ఫీజులు అడగవచ్చు. విటమిన్ మాత్రలు, ప్రొటీన్ పౌడర్ విషయంలో డిశ్చార్జ్ సమ్మరీలో పేరు, మోతాదు, ఎన్నాళ్లో రాసి ఉంటే మాత్రలకు వచ్చే అవకాశం ఉంటుంది, పౌడర్‌కి చాలాసార్లు ఇవ్వరు. ఆ సమ్మరీ మీద సంతకం పెట్టేముందే ఎత్తు, అడ్మిషన్ బరువు, జబ్బుల తేదీలు ప్రీ-ఆథ్ ఫారంతో సరిపోయాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఇంటికి వెళ్లాక దాన్ని దిద్దించడం చాలా కష్టం.