ఊడిన జుట్టు, సాగిన పాదం
కాన్పుకు అమలాపురం దగ్గరి పుట్టింటికి వెళ్లినప్పుడు నడుము నొప్పికీ నిద్రలేమికీ సిద్ధపడ్డాను గాని, బిడ్డకు మూడో నెల దాటాక తలంటుకున్న ప్రతిసారీ తూముకు అడ్డంపడేంత జుట్టు ఊడుతుందని ఎవరూ చెప్పలేదు. గర్భంతో ఉండగా ఈస్ట్రోజన్ ఎక్కువై రాలకుండా నిలిచిన వెంట్రుకలే, ప్రసవం తరువాత ఆ హార్మోను పడిపోవడంతో ఒక్కసారిగా రాలుతాయని, చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పారు. "బిడ్డ తల్లిని గుర్తుపట్టి నవ్వితే జుట్టు ఊడుతుందమ్మా" అని అమ్మమ్మ తేల్చేసింది. జుట్టు ఊడడం మొదలయ్యే నెలల లెక్క మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఒకరోజు పాప గుప్పిట విప్పితే, చెమట పట్టిన వేలికి నా వెంట్రుక మూడు చుట్లు బిగిసి ఉంది. ఆనాటి నుంచి జడ ముడివేసుకున్నాకే పాలిచ్చాను. జుట్టు తిరిగి వచ్చింది. పాదాలే పాత కొలతకు రాలేదు. గర్భంతో ఉండగా కీళ్ల బంధనాలు వదులై పాదం వంపు చదునవుతుందట. నా ఆరో నంబరు చెప్పులు చెల్లెలు తొడుక్కుంటోంది.