నెలకోసారి, హోటల్ వెనక హాల్లో

పోయిన నెల నేను అకార్డియన్ (ఛాతీ మీద తగిలించుకుని వాయించే, హార్మోనియంలాంటి తిత్తి వాద్యం) తగిలించుకుని ఉన్న ఫోటో ఒకటి మా తెనాలి స్నేహితుల గ్రూపులో పెట్టాను. "ఇదెప్పుడు నేర్చుకున్నావే? ఎవరు నేర్పారు?" అని అందరూ ఒకటే ప్రశ్నలు. నాకు నేర్పిన టీచరంటూ ఎవరూ లేరు. ఒక క్లబ్బు ఉంది. దాని గురించి వివరంగా రాస్తానని మాటిచ్చాను కాబట్టి ఇదంతా.

మేముండేది స్కాట్లాండ్‌లో ఫైఫ్ అనే ప్రాంతంలో, ఒక చిన్న ఊళ్ళో. నా ఉద్యోగం డండీలో, హాస్పిటల్ ఫార్మసీలో. ఈ దేశంలో చిన్నచిన్న ఊళ్ళలో కూడా అకార్డియన్ అండ్ ఫిడిల్ (అంటే వయొలిన్) క్లబ్ అని ఒకటి కనబడుతుంది. వాటన్నిటికీ కలిపి ఒక జాతీయ సంఘం కూడా ఉంది. మా క్లబ్బు అక్టోబర్‌లో మొదలై ఏప్రిల్‌తో ఆగుతుంది. సభ్యుల్లో వ్యవసాయం చేసేవాళ్ళు ఎక్కువ, ఎండాకాలం వాళ్ళకి పొలాలే సరిపోతాయి. డిసెంబర్లో ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర దాటితే చీకటి పడిపోతుంది. అలాంటి రోజుల్లో నెలకో సాయంత్రం నలుగురూ ఒక చోట చేరడమంటే ఎంత అవసరమో, ఇక్కడ ఒక చలికాలం గడిపితే గానీ నాకు అర్థం కాలేదు.

హోటల్ అంటే పెద్దది ఊహించుకోవద్దు. ముందు బార్, పైన నాలుగైదు గదులు, వెనక పెళ్ళిళ్ళకి ఇచ్చే హాలు. తలుపు దగ్గర ఒక బల్ల, దాని మీద డబ్బులు వేసే బిస్కెట్ల డబ్బా, పక్కనే రాఫెల్ (లక్కీ డ్రా లాంటిది) టికెట్ల పుస్తకం. హాలు చివర ఎత్తు తక్కువ స్టేజీ, దాని మీద పియానో, డ్రమ్స్. ఎవరి బల్ల వాళ్ళకి ఏళ్ళ తరబడి ఖాయం. నేను మొదటిసారి వెళ్ళి ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే, ఒకావిడ తన పక్క కుర్చీ మీద కోటు తీసేసి "కూర్చో అమ్మాయ్" అంది. ఇప్పటికీ నా బల్ల అదే.

ఏడున్నరకి మొదలవుతుంది. డబ్బులిచ్చి పిలిపించిన బ్యాండ్ ఎంత పేరున్నదైనా సరే, మొదటి గంటా సభ్యులదే. వచ్చిన వాళ్ళలో వాయించాలనుకున్నవాళ్ళు తలుపు దగ్గర పేరు రాయిస్తారు, వరసగా పిలుస్తారు. ఒక్కొక్కరికీ రెండో మూడో ట్యూన్లు. వయసు, అనుభవం ఎవరూ అడగరు. పన్నెండేళ్ళ పిల్లాడు వాయిస్తాడు, వాడి వెనకే ఎనభై దాటిన రైతు. ఆ రోజు ముఖ్య అతిథిగా వచ్చిన కళాకారుడు కూడా ముందు వరసలో కూర్చుని ఇదంతా వింటాడు. పిల్లాడు మధ్యలో తడబడితే హాల్లో ఎవరూ ఇబ్బందిగా కదలరు. వాడు మళ్ళీ అందుకునేదాకా పియానో ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

ఆ పియానో వాయించే ఆవిడ గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆవిడ ముందు నొటేషన్ కాగితం ఉండదు. వచ్చినవాళ్ళని ఒకటే అడుగుతుంది: ఏ కీ, ఏ తాళం. "ఏ మేజర్, రీల్" అంటే చాలు. 'ఏ మేజర్' అనేది శ్రుతి, 'రీల్' అనేది ఒక రకం డాన్స్ ట్యూన్ నడక. ఎడమ చేత్తో కింది స్వరం, కుడి చేత్తో కార్డ్ (ఒకేసారి కలిసి మోగే స్వరాలు), అంతే. వాయించేవాళ్ళు తొందరపడితే ఆవిడ తొందరపడదు, వాళ్ళు వెనకబడితే గట్టిగా లాగదు. మా తాతయ్య కూడా ఇదే పని చేసేవాడు. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి ఆయన హార్మోనిస్టు. కృష్ణుడి వేషం వేసినాయన "ఇవాళ గొంతు బాలేదు, అర శ్రుతి తగ్గించు" అన్నా, పద్యం చివర రాగం ఎంతసేపు తీసినా, కింద కూర్చున్న హార్మోనియం వదలకూడదు. జనం "ఒన్స్‌మోర్" అని అరిచేది మాత్రం పాడినాయన కోసం. మొదటి రాత్రి ఆ పియానో ఆవిడని చూస్తూ తాతయ్యనే తలుచుకున్నాను. మళ్ళీ వెళ్ళడానికి నాకు అదే కారణం.

హార్మోనియం కొంచెం వచ్చు కదా, అకార్డియన్ సులువే అనుకున్నాను. కుడి చేతి వరకు అది నిజమే, మెట్లు మెట్లే. అసలు సంగతి ఎడమ చేతిది. హార్మోనియంలో ఎడమ చెయ్యి గాలి కొడుతుంది, అంతే. ఇక్కడ ఎడమ చేయి తిత్తిని చాపుతూ ముడుస్తూ ఉండగానే వేళ్ళు బటన్లు నొక్కాలి. పూర్తి సైజు పెట్టె మీద ఆ బటన్లు 120: ఆరు వరసలు, వరసకి ఇరవై. చేతిని పట్టీలో దూర్చాక ఒక్క బటనూ కంటికి కనబడదు. ఒక ఆనవాలు ఉంటుంది. సి బటన్ మీద చిన్న గుంట. వేలి కొసకి ఆ గుంట తగలగానే ఎక్కడున్నామో తెలుస్తుంది. దాని పై బటన్ జి, కింది బటన్ ఎఫ్. నా బల్ల దగ్గరి ఆవిడ ఇది చూపిస్తుంటే నేను ఒక్కసారి ఆగిపోయాను. సి ని షడ్జమం అనుకుంటే పైన ఉన్నది పంచమం, కింద ఉన్నది శుద్ధ మధ్యమం. వరసంతా అంతే: ప్రతి బటన్‌కీ దాని పై బటన్ పంచమం. స, ప, మ మూడూ ఒక్క వేలి దూరంలో ఉన్నాయి! మార్చ్, వాల్ట్‌జ్ రకం ట్యూన్లు చాలావాటికి ఆ మూడు బటన్లు, వాటి పక్కనున్న కార్డ్‌లు సరిపోతాయి. ఇంటికొచ్చి ఆ రాత్రంతా బల్ల అంచు మీద వేళ్ళతో అదే వాయించుకున్నాను.

రెండు వాద్యాలూ అన్నదమ్ముల బిడ్డలే. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ అకార్డియన్ పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. హార్మోనియానికి 1840లలో ప్యారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ తీసుకున్నాడు. కాళ్ళతో తొక్కే ఆ పెద్ద పెట్టెని నేల మీద కూర్చుని చేత్తో కొట్టుకునేలా మార్చింది కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్. రెండిట్లోనూ పలికేది రీడు అనే లోహపు నాలుకే. మా క్లబ్బులో పాత పెట్టెలు బాగుచేసే పెద్దాయన ఒకసారి తన అకార్డియన్ విప్పి చూపించాడు. లోపల చెక్క దిమ్మెల మీద వరసగా అల్యూమినియం పలకలు, పలకకి రెండు వైపులా ఒక్కో ఉక్కు రీడు. తిత్తి తెరుచుకునేటప్పుడు ఒకటి పలుకుతుంది, మూసుకునేటప్పుడు రెండోది. పనిలేని రీడు వైపు గాలి పోకుండా సన్నటి తోలు పట్టీ అడ్డుపడుతుంది. పలకల్ని దిమ్మెకి అంటించేది తేనెమైనం, రోజనం కలిపి కరిగించిన పాకం. వేసవిలో కారులో వదిలేస్తే మైనం మెత్తబడి పలకలు జారిపోతాయట. ఆయన ఒక రీడుని గోటితో మీటి వినిపించాడు. అంత సన్నటి శబ్దం పెట్టెలోకి వెళ్ళాక హాలంతా నిండుతుంది.

అకార్డియన్‌లో ఒకే స్వరానికి రెండు మూడు రీడ్లు కలిపి మోగిస్తారు. వాటిని కావాలనే ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో శ్రుతి చేస్తారు. అందుకే ఆ అలలాంటి వణుకు. శ్రుతి పెట్టెతో పెరిగిన నా చెవికి మొదట అది అపశ్రుతిలాగే తోచింది. ఇప్పుడు అది లేకపోతే ట్యూన్ చప్పగా అనిపిస్తుంది. కానీ మరీ ఎక్కువ వణుకుండే పెట్టెలు నాకు ఇప్పటికీ నచ్చవు, ఆ మాట క్లబ్బులోనూ చెప్పాను.

ఫైఫ్‌లో అకార్డియన్ అంటే జిమ్మీ షాండ్ పేరు రాకుండా సాయంత్రం గడవదు. 1908లో ఈస్ట్ వీమ్స్‌లో బొగ్గుగని కార్మికుడి ఇంట్లో పుట్టాడు. తానూ చిన్నప్పుడే గనిలో దిగాడు. 1926 గని కార్మికుల సమ్మె అప్పుడు సమ్మెకారుల కోసం వాయించినందుకు తర్వాత గనిలో పని దొరకలేదు. ఒక రోజు డండీలో సంగీత వాద్యాల షాపులోకి వెళ్ళి అకార్డియన్ తగిలించుకుని వాయిస్తే, విన్న యజమాని అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చాడట, ఊళ్ళు తిరిగి వాద్యాలు అమ్మడానికీ బాకీలు వసూలు చెయ్యడానికీ. 1955లో ఆయన పోల్కా రికార్డు ఒకటి బ్రిటన్ పాప్ పట్టికలోకే ఎక్కింది. హోనర్ కంపెనీ ఆయన పేరు మీద షాండ్ మోరినో అనే మోడల్ చేసింది. 1999లో సర్ బిరుదు వచ్చింది, మరుసటి ఏడాది పోయాడు. ఆయన ఉన్న ఆక్టర్‌మక్టీలో విగ్రహం ఉంది. ఇక్కడివాళ్ళు ఆయన వేగాన్ని పొగడరు, నిలకడని పొగడుతారు. మా క్లబ్బులో ఎనభై దాటిన రైతు నాకు ఇచ్చిన సలహా కూడా అదే: "తొందరపడకు తల్లీ. నువ్వు వాయిస్తుంటే ఎవరో డాన్స్ చేస్తున్నారనుకో. వాళ్ళ కాలు నేలకి ఆనడానికి టైమివ్వాలి గదా."

గంట తర్వాత టీ. శాండ్‌విచ్‌లు, సాసేజ్ రోల్స్, షార్ట్‌బ్రెడ్, ఇంకా టాబ్లెట్ అనే మిఠాయి. పంచదార, వెన్న, కండెన్స్‌డ్ మిల్క్ మరిగించి ముక్కలు కోస్తారు, మన పాలకోవాకి దూరపు చుట్టం. నేను చేగోడీలు చేసి తీసుకెళ్తాను, పళ్ళెం ఖాళీగానే ఇంటికొస్తుంది. రాఫెల్‌లో బహుమతులు ఒక విస్కీ సీసా, చాక్లెట్ల డబ్బా, ఎవరి పెరట్లోవో బంగాళదుంపలు. ఈ టీ టైములోనే అసలు క్లబ్బు నడుస్తుందని నా అభిప్రాయం. పోయిన నెల రానివాళ్ళ గురించి ఆరా, హాస్పిటల్‌లో ఉన్నవాళ్ళని చూడ్డానికి ఎవరు వెళ్తున్నారు, డ్రైవింగ్ మానేసిన పెద్దావిడని వచ్చేసారి ఎవరు ఎక్కించుకొస్తారు, అన్నీ ఇక్కడే తేలతాయి.

రెండో సగం అతిథి బ్యాండ్‌ది. ముందు అకార్డియన్, రెండో అకార్డియన్, ఫిడిల్, పియానో, డబుల్ బేస్, డ్రమ్స్. రెండో అకార్డియన్ మెలోడీ జోలికి పోకుండా కింద కార్డ్‌లు నింపుతుంది. నాకు చెవి దాని మీదకే పోతుంది. జిగ్ అనే డాన్స్ ట్యూన్ వస్తే తకిట తకిట, రీల్ వస్తే తకధిమి తకధిమి, నా చెయ్యి బల్ల మీద దానంతటదే తాళం వేస్తుంది. స్ట్రాత్‌స్పే అనే డాన్స్ ట్యూన్ మాత్రం వేరే లోకం. పొట్టి స్వరం ముందు, దాని మీద విరుచుకుపడే పొడుగు స్వరం తర్వాత. నడక నెమ్మదే, కానీ ప్రతి విరుపులో బిగువు ఉంటుంది. అది నా చేతికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఆఖరున పెట్టెలున్నవాళ్ళందరం స్టేజీ ఎక్కి కలిసి వాయిస్తాం, బ్యాండ్ వాళ్ళు మధ్యలో ఉంటారు.

తాతయ్యకి ఇలాంటి సాయంత్రాలు ఉండేవి, రేడియో మాత్రం అందలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా ఆ నిషేధం నడిచింది. ఆయన చేతి పట్టు బాగున్న ఏళ్ళన్నీ అందులోనే పోయాయి. విజయవాడ కేంద్రం ఇంటికి అంత దగ్గరలో ఉండి కూడా తన పెట్టెకి అక్కడ చోటు లేదని ఆయన చాలా బాధపడేవాడు. ఇక్కడ శనివారం సాయంత్రం బీబీసీ రేడియో స్కాట్లాండ్‌లో డాన్స్ బ్యాండ్‌ల అకార్డియన్ వింటూ వంట చేసుకుంటుంటే ఆ మాటలు గుర్తొచ్చి కడుపు తరుక్కుపోతుంది.

నాకొక కోపం కూడా ఉంది, దాచుకోను. రెండేళ్ళ కిందట ఒక తెలుగు సంఘం ఉగాదికి, హార్మోనియం మీద రెండు పద్యాలు పాడిస్తాను, పది నిమిషాలు ఇవ్వండి అని అడిగాను. ప్రోగ్రాం నిండిపోయింది, ట్రాక్ (ముందే రికార్డు చేసిన సంగీతం) ఉంటే పంపండి చూస్తాం అన్నారు. ట్రాక్ పంపితే ఇక హార్మోనియం ఎందుకు? పిల్లలు నెలల తరబడి కష్టపడి ట్రాక్‌కి డాన్స్ నేర్చుకుంటున్నారు, వాళ్ళ తప్పేం లేదు. కానీ ఆగిపోయినవాడిని పట్టుకుని నడిపించడం ట్రాక్‌కి రాదు. ఆ పని మనిషే చెయ్యాలి. మా క్లబ్బులో ఆ పన్నెండేళ్ళ పిల్లాడు ఇప్పుడు ఎక్కడా ఆగకుండా వాయిస్తున్నాడంటే పియానో ఆవిడ వల్లే.

అందుకే జనవరి నుంచి నెలకో ఆదివారం మా ఊరి కమ్యూనిటీ హాలు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తీసుకుంటున్నాను. ముఖ్య అతిథి, శాలువా, జ్యోతి ప్రజ్వలన ఏమీ ఉండవు. తలుపు దగ్గర పేరు రాయించుకుంటే రెండు పాటలో రెండు పద్యాలో, వీణో మృదంగమో డప్పో, ఏదైనా సరే. ట్రాక్‌లు మాత్రం వద్దు. పియానో ఆవిడ వస్తానంది. పద్యానికి తాళం ఉండదని చెబితే, "శ్రుతి చెప్పు చాలు, తక్కినది వింటూ పట్టుకుంటాను" అంది. నా హార్మోనియం అక్కడే ఉంటుంది, ఎవరైనా ముట్టుకోవచ్చు. డండీ, పర్త్, ఎడిన్‌బరా వైపు ఉన్నవాళ్ళు కామెంట్‌లో ఒక్క మాట రాయండి. ఏమీ వాయించడం రాకపోయినా రండి, వినేవాళ్ళు కూడా కావాలి. చేగోడీలు నావి. టీ కోసం అల్లం, యాలకులు ఎవరైనా తెస్తే మంచిది.