గట్టు తెగిన చోట

పొక్లెయిన్ తొండం గట్టుమీది తాటిచెట్టును వేళ్లతో సహా పెకలించేసరికి, దాని మొదట్లో ఎవరో వేసుకున్న కంది మొక్కలు పూతతోనే మట్టిలో కలిసిపోయాయి. భీమవరం దగ్గర మరో వరిచేను ఈ రోజు రొయ్యల చెరువవుతోంది.

రైతును తప్పుపట్టలేను, కౌలు లెక్క చూస్తే నేనైనా అదే చేస్తానేమో. అయితే దాళ్వా (రబీ వరి) లేని చోట, కోతకు ముందే నిలువు చేలో మినుము చల్లి, ఆ పదునుతోనే రెండో పంట తీసే మన డెల్టా పద్ధతికి చెరువులో చోటు లేదు. పైగా ఉప్పునీటి చెరువైతే ఊట దిగి పక్క చేను కూడా చవుడుబారుతుంది.

అక్కుళ్లు, కృష్ణకాటుకల వంటి పాత వడ్లను 1982లో మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం చాలావరకు పక్కకు నెట్టింది. ఇప్పుడు ఆ స్వర్ణకే చేను మిగలడం లేదు. పక్క చేను ఆసామి మాత్రం, వచ్చే సార్వాకు (ఖరీఫ్ వరికి) విత్తనం దాచుకోవాలా వద్దా అని నన్ను అడుగుతున్నారు.