కుర్చీలోంచి లేవలేకపోయిన రోజు

ఫిజియోథెరపీకి నిన్నటితో మూడు నెలలు నిండాయి, వేడి తగ్గకముందే రాసేస్తున్నాను. నాకు 67 ఏళ్ళు, షుగరు వచ్చి 18 ఏళ్ళు, ఊరు రాజమండ్రి. సంక్రాంతికి ముందు వాకిట్లో కళ్ళాపి తడికి కాలు జారింది, చెయ్యి ఆన్చాను, మణికట్టు విరిగింది. కట్టు వేశారు, ఆరు వారాలకి తీశారు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ కూడా తేలికే, కాసేపు బల్ల మీద కదలకుండా పడుకోవడమే.

ఆ స్కాన్‌లో ఎముక సాంద్రతకి వేసే మార్కు, టీ స్కోరు, మైనస్ 1.4 వచ్చింది. మైనస్ 2.5కి గానీ అంతకన్నా కిందకి గానీ పడితేనే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, అంటారు. దాంతో ఏళ్ళుగా నన్ను చూస్తున్న షుగర్ డాక్టరు రిపోర్టు పూర్తిగా తిరగేయకుండానే "వయసుకి మామూలేనమ్మా, రోజూ నడుస్తున్నారుగా, చాలు" అని పంపేశారు. నిలబడ్డ మనిషి జారితేనే ఎముక ఎందుకు విరిగిందని ఆయన అడగలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

అడిగింది కట్టు వేసిన ఎముకల డాక్టరమ్మ. టైప్ 2 షుగరు ఉన్నవాళ్ళకి స్కాన్‌లో సాంద్రత బాగానే కనిపిస్తుందట, అయినా విరిగే ముప్పు ఎక్కువేనట. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పెళుసెక్కుతుంది, రంగు వేసి ఉన్న గుమ్మాన్ని లోపల చెద తిన్నట్టు. నా షుగరు మాత్రల్లో పయోగ్లిటజోన్ ఉందని చూసి, ఆడవాళ్ళకి అది ఎముకలు విరిగే ముప్పు పెంచుతుందని చెప్పి షుగర్ డాక్టరుకి చీటీ రాసిచ్చింది. మార్పించుకున్నాను. మీరు మాత్రం ఎవరినీ అడక్కుండా సొంతంగా ఆపెయ్యకండి.

ఆ తర్వాత ఫిజియోథెరపీ హాలు. గోదావరి గట్టు మీద పొద్దున్నే గంట నడిచే మనిషిని, నాకేం భయం అనుకుంటూ వెళ్ళాను. అక్కడ ఫిజియోథెరపీ చేయించే అబ్బాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలనో చూస్తానన్నాడు. చేతులు ఆనిస్తే సున్నా. నా వయసు ఆడవాళ్ళకి 11 కన్నా తక్కువ వస్తే పడిపోయే ముప్పు ఉన్నట్టట. మొదటిసారి లేచాను. రెండోసారి సగం లేచి వెనక్కి కూలబడ్డాను, మూడోసారి తొడలు వణికి చెయ్యి దానంతట అదే కుర్చీ పట్టుకుంది. పక్క మంచం మీద నడుంనొప్పికి వచ్చినవాడు ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లాడు, ఇప్పుడు నలభై దాటాయి. "ఉండండి టీచర్, నేను లేపుతాను" అంటూ పరుగెత్తుకొచ్చి నా చంకల కింద చేతులు పెట్టాడు. ప్రేమతోనే చేశాడు. కానీ హాలంతా అటే చూస్తుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళు బల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన కాళ్ళవి.

అదే రోజు పాదానికి స్పర్శ ఎంతుందో చూడటానికి అరికాలికి నైలాన్ దారం ఆనిస్తే బొటనవేలి కింద నాకు తెలియనే లేదు. తడి నేల మీద జారానని ఇన్నాళ్ళూ కళ్ళాపిని తిట్టుకున్నాను, అసలు పాదానికి నేల ఆనడమే సరిగ్గా తెలియడం లేదు.

నడక గుండెకీ షుగరుకీ మంచిదే, కానీ ఎముకకి బరువు పడాలి, కండకి పని పడాలి, అందుకు అదొక్కటే చాలదు. వారానికి మూడు రోజులు కుర్చీలోంచి లేవడం, వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, గోడని తోయడం, లీటరు నీళ్ళ సీసాలు ఎత్తడం. ఒంటికాలి మీద నిలబడటం మాత్రం రోజూ, గట్టు పక్కనే. గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు ముందు మీటరు చూసుకోండి, వంద లోపుంటే ఏదైనా తిని మొదలుపెట్టండి. నేనొకరోజు చూసుకోకుండా చేసి చెమటలు పట్టి నేల మీద కూర్చుండిపోయాను, మా కోడలు పంచదార నీళ్ళు తాగించింది. షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు కంటి డాక్టరుని అడగకుండా బరువులెత్తకండి.

రాగిజావతో ఎముకలు ఉక్కవుతాయని మా వీధిలో అందరూ చెప్పేవాళ్ళే. రాగుల్లో కాల్షియం నిజంగానే ఉంది, 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే, కానీ గ్లాసు జావలో పడేది రెండు చెంచాల పిండి.

నిన్న 30 సెకన్లలో పన్నెండు సార్లు లేచాను, చేతులు కట్టుకునే. ఆ అబ్బాయి చేత తేదీ వేయించి రాయించుకున్నాను. మంగళవారం షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ కాగితం, స్కాన్ రిపోర్టు, మణికట్టు ఎక్స్‌రే మూడూ సంచిలో పెట్టుకున్నాను.