తాతయ్య ఇనప్పెట్టెలో మూడు హైకోర్టులు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాతయ్య ఇనప్పెట్టె తెరిస్తే, పసుపు గుడ్డలో చుట్టిన దావా కాగితాల కట్ట దొరికింది. కాలువ పక్క ఎకరంన్నర చెక్క తగాదా. అడుగు కాగితాల మీద మద్రాసు హైకోర్టు, మధ్యలో గుంటూరు, పైన హైదరాబాద్. అప్పీలు మాత్రం ఒక్కటే!

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కూడా కొన్నాళ్ళు మనకి మద్రాసు హైకోర్టే దిక్కు. 1954 జులై 5న గుంటూరులో సొంత హైకోర్టు మొదలైంది, కోకా సుబ్బారావు గారు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1956 నవంబరులో అది హైదరాబాద్ చేరింది. పెండింగ్ కేసులు కూడా వెంటే నడిచాయి.

ఢిల్లీలో ఇంతకంటే పెద్ద మార్పు అప్పటికే జరిగిపోయింది. అంతకు ముందు ఆఖరి మాట లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌ది. మన పొలం గట్టు ఎక్కడుందో కూడా తెలియని వాళ్ళ దగ్గరికి, సముద్రం దాటి, అక్కడి లాయర్లకి ఫీజులిచ్చి వెళ్ళాలంటే ఎంతమంది రైతులకి సాధ్యం? 1949 అక్టోబరు 10న ఆ దారి మూసేశారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వస్తే, రెండు రోజులకే, శనివారం నాడు, పార్లమెంటు భవనంలో అంతకు ముందు ఫెడరల్ కోర్టు (బ్రిటిష్ కాలం నాటి మన పెద్ద కోర్టు) కూర్చున్న గదిలోనే సుప్రీంకోర్టు ప్రారంభమైంది.

నాకు బాగా నచ్చేది ఆ రాజ్యాంగంలోని 374వ అధికరణం. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ అసలు పనంతా అదే చేసింది. ఫెడరల్ కోర్టు జడ్జీలు, వద్దంటే తప్ప, సుప్రీంకోర్టు జడ్జీలయ్యారు. నడుస్తున్న కేసులు సుప్రీంకోర్టుకి వచ్చాయి, పాత తీర్పులు చెల్లాయి. నిజాం హైదరాబాద్‌లో ప్రివీ కౌన్సిల్ లాంటిదే ఒక జుడీషియల్ కమిటీ ఉండేది. అదే అధికరణంతో దాని అధికారమూ పోయి, అక్కడున్న అప్పీళ్ళు ఢిల్లీకి వెళ్ళాయి. కొత్త రాజ్యాంగం వచ్చింది కదా, మళ్ళీ మొదటి నుంచి దావా వేసుకోండి అని ఎవరికీ చెప్పలేదు. కోర్టు గుమ్మం ఎక్కి అరిగిపోయిన మనిషికి ఇది ఎంత పెద్ద విషయమో ఆ కట్ట చూశాకే నాకు అర్థమైంది.

కట్ట మధ్యలో వకీలు గారు రాసిన కార్డు ఒకటుంది. సిరా వెలిసిపోయినా చదవడానికి వస్తోంది. "మన అప్పీలు గుంటూరు వచ్చినది. కంగారు పడవద్దు. వాయిదా తెలిసిన పిమ్మట మళ్ళీ వ్రాసెదను."